కొత్తదంతా చదవక్కర్లేదు.. ఏది చదవాలో తెలిస్తే చాలు!

మెషిన్ లెర్నింగ్ నేర్చుకుంటున్నారా? అయితే ఈ అనుభవం మీకూ ఉండే ఉంటుంది. సెమిస్టర్ అంతా కష్టపడి ఒక పద్ధతి నేర్చుకుంటాం. ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చేలోపే దాన్ని మించిందంటూ ఇంకో పేరు వినిపిస్తుంది. నిన్న లోరా, ఇవాళ క్యూలోరా, రేపు మరొకటి. పక్క బెంచీ స్నేహితుడి రెజ్యూమెలో మనం ఎప్పుడూ వినని పదాలు నాలుగు కనిపిస్తాయి. ‘వెనకబడిపోతున్నానేమో’ అనే బెంగ మొదలవుతుంది. ఆ బెంగతోనే రోజుకో వీడియో, నెలకో కోర్సు మొదలుపెట్టి, ఏదీ పూర్తిచేయకుండానే ప్లేస్‌మెంట్ల సీజన్‌లోకి అడుగుపెట్టేవాళ్లు ఎందరో!

ఒక్క మాట ముందే చెప్పుకుందాం. ఈ రంగంలో వస్తున్న కొత్త పేపర్లన్నీ చదవడం అనుభవజ్ఞులైన పరిశోధకులకు కూడా సాధ్యం కాదు. వాళ్లు చేసేదీ, కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్లు నేర్చుకోవాల్సిందీ ఒకటే. దేన్ని వదిలేయాలో, దేని దగ్గర ఆగాలో తేల్చుకోవడం. అదెలాగో చూద్దాం.

వేర్లు.. కొమ్మలు.. ఆకులు

మెషిన్ లెర్నింగ్‌లో అంతా ఒకే వేగంతో మారదు. ఒక చెట్టులా ఊహించుకోండి.

వేర్లు: లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాల్‌క్యులస్, ఆప్టిమైజేషన్. ఇవి దశాబ్దాలు గడిచినా మారవు. గ్రేడియంట్ డిసెంట్ ఆలోచనను ఫ్రెంచి గణితవేత్త కోషీ 1847లోనే ప్రతిపాదించారు. న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇచ్చే బ్యాక్‌ప్రాపగేషన్‌కు విస్తృత గుర్తింపు తెచ్చిన రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్‌ల పేపర్ 1986లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఇవాళ మీ ఫోన్‌లో కబుర్లు చెప్పే చాట్‌బాట్‌కి శిక్షణ ఇచ్చిందీ ఈ రెండింటి మీదే.

కొమ్మలు: సీఎన్ఎన్, గ్రేడియంట్ బూస్టింగ్, ట్రాన్స్‌ఫార్మర్, డిఫ్యూజన్ లాంటి పద్ధతులు. ఇవి కొన్నేళ్లపాటు నిలుస్తాయి. ఒక్కోసారి ఓ పెద్ద కొమ్మ కొత్తగా పుట్టుకొస్తుంది. అది రోజూ జరిగే పని కాదు.

ఆకులు: లైబ్రరీలు, వాటి వెర్షన్లు, మోడళ్ల పేర్లు, ర్యాంకుల పట్టికలు. ఇవి నెలల్లో మారిపోతాయి. ఒకప్పుడు డీప్ లెర్నింగ్ అంటే థియానో లైబ్రరీ. దాని అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2017లో ప్రకటించారు. థియానో కమాండ్లు మాత్రమే వచ్చినవాళ్లు మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది. గ్రేడియంట్ ఎలా లెక్కకడతారో తెలిసినవాళ్లు పైటార్చ్‌కో, టెన్సర్‌ఫ్లోకో మారిపోయారు.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే.. ఆకుల వెంట పరుగెత్తుతూ వేర్లకు నీళ్లు పోయడం మర్చిపోవడం. బీటెక్ మొదటి సంవత్సరంలో ‘ఎం1 గట్టెక్కితే చాలు’ అనుకున్న మ్యాట్రిసెస్ పాఠమే ఇప్పుడు అసలు అవసరం. అదెలాగో కాస్సేపట్లో లెక్కతో సహా చూద్దాం.

కొత్త పేరు.. పాత చుట్టాలు

‘ట్రాన్స్‌ఫార్మర్’ పేరు వినని విద్యార్థి ఇప్పుడు లేరు. 2017 జూన్‌లో గూగుల్‌కు చెందిన బృందం ప్రకటించిన పేపర్ అది. రాసినవాళ్లు ఎనిమిది మంది. అందులో ఆశిష్ వాస్వానీ, నికీ పార్మర్ భారతీయ మూలాలున్నవాళ్లే. ఈ ఒక్క పేపర్ ఈ రంగం దిశనే మార్చేసింది. మరి అందులో అంతా కొత్తేనా? విడదీసి చూడండి.

* అటెన్షన్: యంత్రానువాదం కోసం బహ్దనౌ, చో, బెంజియో 2014లోనే ప్రతిపాదించారు.
* రెసిడ్యువల్ కనెక్షన్: 2015 చివర్లో రెస్‌నెట్‌తో వచ్చింది. ఫొటోలను గుర్తించే నెట్‌వర్క్‌ను 152 పొరల లోతుకు తీసుకెళ్లిన చిట్కా ఇదే.
* లేయర్ నార్మలైజేషన్: 2016 నాటిది.
* ఆడమ్ ఆప్టిమైజర్: 2014 డిసెంబరులో వచ్చింది.
* డ్రాపౌట్: అంతకన్నా పాతది.

అంటే విడిభాగాలు చాలావరకు పాతవే. కొత్తదనం ఎక్కడుందంటే.. వాక్యాన్ని ఒక్కో పదంగా వరుసలో చదివే ఆర్ఎన్ఎన్‌ను పూర్తిగా తీసేసి, అటెన్షన్‌తోనే పని నడిపించారు. దాంతో వాక్యంలోని పదాలన్నింటినీ శిక్షణ సమయంలో ఒకేసారి లెక్కించే వీలు కలిగింది. జీపీయూలకు కావాల్సింది సరిగ్గా అలాంటి పనే. ఆ పేపర్‌లోని పెద్ద మోడల్‌కు 8 జీపీయూల మీద మూడున్నర రోజుల్లో శిక్షణ పూర్తయింది.

ఇంకో ఉదాహరణ. చాట్‌బాట్ జవాబులను మనుషుల అభిరుచికి తగ్గట్టు మలచడానికి 2023లో డీపీఓ అనే పద్ధతి వచ్చింది. పేరు కొత్త. లోపలికి వెళ్తే, రెండింట్లో దేన్ని ఎంతమేర ఇష్టపడతారో లెక్కగట్టే బ్రాడ్లీ-టెర్రీ నమూనా కనిపిస్తుంది. అది 1952 నాటిది. డీపీఓ చివరికి తగ్గించే లాస్ ఫంక్షన్ చూస్తే, లాజిస్టిక్ రిగ్రెషన్ చదివినవాళ్లకు పాత చుట్టాన్ని కలిసినట్టే ఉంటుంది.

అందుకే కొత్త పద్ధతి కనబడగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఇందులో నాకు ముందే తెలిసినవి ఏవి?’. తెలిసినవన్నీ పక్కన పెడితే మిగిలే కొత్త ముక్క సాధారణంగా ఒకటో రెండో. అంతవరకు అర్థం చేసుకుంటే సరిపోతుంది. ముందు తెలిసినవే లేకపోతే మాత్రం ప్రతి పేరూ కొండలాగే కనిపిస్తుంది.

కొత్తదల్లా మెరుగైనది కాదు

‘లేటెస్ట్’ అంటే ‘బెస్ట్’ అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. పరిశోధనలే దీన్ని పలుమార్లు ప్రశ్నించాయి. మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి: ఆడమ్ తర్వాత దాన్ని మించినవంటూ పదుల సంఖ్యలో ఆప్టిమైజర్లు వచ్చాయి. 2021లో ఐసీఎంఎల్ సదస్సులో వచ్చిన ఓ అధ్యయనం 15 ఆప్టిమైజర్లను 50 వేలకు పైగా ప్రయోగాలతో పోల్చింది. ఆడమ్ ఇప్పటికీ గట్టి పోటీదారే, కొత్తవేవీ దాన్ని స్పష్టంగా, నిలకడగా దాటలేకపోయాయని తేల్చింది.

రెండు: 2017లో మెలిస్, డయ్యర్, బ్లన్సమ్ అనే పరిశోధకులు పాత ఎల్ఎస్‌టీఎంకు, కొత్త నమూనాలకు సమానంగా ట్యూనింగ్ అవకాశం ఇచ్చి పోల్చారు. సరిగ్గా ట్యూన్ చేసిన పాత ఎల్ఎస్‌టీఎమ్మే ముందు నిలిచింది. అంటే అప్పటిదాకా కొత్తవి గెలిచినట్టు కనిపించడంలో కొంత భాగం, పాతదాన్ని సరిగ్గా వాడకపోవడం వల్లే!

మూడు: ఉద్యోగార్థులకు బాగా పనికొచ్చేది ఇదే. వరుసలు, నిలువు గడులుగా ఉండే పట్టిక డేటా మీద డీప్ లెర్నింగ్ మెరుగా, చెట్ల ఆధారిత పద్ధతులు మెరుగా? 2022లో 45 డేటాసెట్ల మీద చేసిన అధ్యయనంలో, సుమారు పది వేల నమూనాలుండే మధ్యస్థాయి డేటా మీద ఎక్స్‌జీబూస్ట్, ర్యాండమ్ ఫారెస్ట్ లాంటివే ముందున్నాయి. బ్యాంకు రుణాలు, బీమా, రిటైల్ అమ్మకాలు, ఆస్పత్రి రికార్డులు.. వీటిలో చాలా భాగం పట్టికలే కదా! 2014లో విడుదలైన ఎక్స్‌జీబూస్ట్‌ను ‘పాతది’ అని వదిలేసినవాళ్లు తమకు దొరకగల ఉద్యోగాల్లో కొన్నింటిని తామే వదులుకున్నట్టు.

ఐదు ప్రశ్నల జల్లెడ

కొత్త పద్ధతి గురించి విన్నప్పుడు వెంటనే ట్యుటోరియల్ తెరవకండి. ముందు ఈ ఐదు ప్రశ్నలు వేయండి. పావుగంట చాలు.

1. ఇది ఏ సమస్యను పరిష్కరిస్తోంది? ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదని లెక్క.
2. దేనితో పోల్చారు? పాత పద్ధతికి కూడా అంతే శ్రద్ధగా ట్యూనింగ్ చేశారా?
3. ఎన్ని డేటాసెట్ల మీద, ఎన్నిసార్లు పరీక్షించారు? ఒక్కసారి నడిపితే వచ్చిన అర శాతం మెరుగుదల అదృష్టం కూడా కావచ్చు.
4. కోడ్ ఇచ్చారా? ఆ బృందంతో సంబంధం లేనివాళ్లు వాడి చూశారా?
5. నా దగ్గరున్న ల్యాప్‌టాప్, ఉచిత జీపీయూతో దీన్ని చిన్న స్థాయిలో అయినా చేసి చూడగలనా?

జవాబులను బట్టి కొత్త విషయాలను మూడు కుప్పలు పోయండి. ‘పేరు తెలిస్తే చాలు’, ‘అర్థం కావాలి’, ‘చేసి చూడాలి’. పది కొత్త విషయాలు కనిపిస్తే ఏడెనిమిది మొదటి కుప్పలోకే వెళ్లాలి. చేసి చూడాల్సింది ఒకటికి మించకూడదు. మొదటి కుప్పలో వేసిన వాటి గురించి బెంగ వద్దు. నిజంగా పనికొచ్చేదైతే కొన్ని నెలల్లో అది మళ్లీ మీ ముందుకు వస్తుంది. ఈసారి మంచి వివరణలు, శుభ్రమైన కోడ్ కూడా వెంటబెట్టుకుని వస్తుంది.

కాలపరీక్షలో నెగ్గినవి ఏవో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. న్యూరిప్స్, ఐసీఎల్ఆర్ లాంటి పెద్ద సదస్సులు పదేళ్ల కిందటి పేపర్లలో నిలబడిన వాటికి ‘టెస్ట్ ఆఫ్ టైమ్’ పురస్కారాలు ఇస్తాయి. 2025లో ఐసీఎల్ఆర్ ఈ పురస్కారాన్ని ఆడమ్‌కు ఇచ్చింది. పైన చెప్పుకున్న బహ్దనౌ బృందం అటెన్షన్ పేపర్ రన్నరప్. ఇలాంటి పేపర్లు ఏడాదికి నాలుగైదు చదివినా మంచి పునాది పడుతుంది.

పేపర్ చదవడానికీ ఓ పద్ధతి ఉంది

‘పేపర్లు చదవమంటారు, రెండో పేజీకే నిద్రొస్తోంది’ అంటారా? కథల పుస్తకంలా మొదటి లైన్ నుంచి చివరి దాకా చదవబోతే అలాగే ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఎస్.కేశవ్ 2007లో ఓ చిన్న వ్యాసంలో మూడు విడతల పద్ధతి చెప్పారు. ఇప్పటికీ ఎన్నో విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యార్థులకు దీన్నే సూచిస్తున్నారు.

మొదటి విడత, 5-10 నిమిషాలు: శీర్షిక, సారాంశం, పరిచయం, ఉపశీర్షికలు, ముగింపు మాత్రమే చూడాలి. చదవాలా వద్దా అన్నది ఇక్కడే తేలిపోవాలి.

రెండో విడత, గంట వరకు: బొమ్మలు, పట్టికలు జాగ్రత్తగా చూస్తూ చదవాలి. నిరూపణల జోలికి వెళ్లకూడదు. చదివాక ముఖ్యాంశాన్ని స్నేహితుడికి చెప్పగలగాలి.

మూడో విడత, కొత్తవాళ్లకు నాలుగైదు గంటలు: రచయితల స్థానంలో మనం ఉంటే ఎలా చేసేవాళ్లమో ఆలోచిస్తూ, పనిని మనసులోనే తిరిగి నిర్మించాలి. నెలకు ఒకటి రెండు పేపర్లకు ఇంత సమయం ఇస్తే చాలు.

పేపర్లు ఎక్కడ దొరుకుతాయి? చాలావరకు ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితమే. 1991లో భౌతికశాస్త్రం కోసం మొదలైన ఈ వేదికే ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ పేపర్లకు ప్రధాన చిరునామా. గుర్తుంచుకోండి, అక్కడ పెట్టే పేపర్లను పెట్టేముందు నిపుణులు సమీక్షించరు. అందుకే జల్లెడ తప్పనిసరి.

ఎం1 పాఠం.. లోరా రహస్యం

ఇప్పుడు ముందు మాటిచ్చిన లెక్క. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు లోరా పద్ధతిని ప్రకటించారు. పెద్ద భాషా మోడల్‌ను మన పనికి తగ్గట్టు మార్చుకోవాలంటే అందులోని కోట్లాది పారామీటర్లన్నింటినీ సవరించాలా? ఇదీ సమస్య.

మోడల్‌లో ఒక మ్యాట్రిక్స్ 4096 వరుసలు, 4096 నిలువు వరుసలతో ఉందనుకోండి. అందులోని సంఖ్యలు 4096 × 4096, అంటే 1,67,77,216. సుమారు కోటీ 68 లక్షలు! లోరా ఏం చేస్తుందంటే, ఈ పెద్ద మ్యాట్రిక్స్‌ను కదపకుండా అలాగే ఉంచేస్తుంది. మార్పును మాత్రం రెండు సన్నటి మ్యాట్రిక్స్‌ల లబ్ధంగా రాస్తుంది. ఒకటి 4096 × 8, ఇంకోటి 8 × 4096. రెండింట్లో కలిపి సంఖ్యలు 65,536. అంటే అసలులో 256వ వంతే!

ఇక్కడ ‘8’ అంటే ఏమిటి? ర్యాంక్. ఎం1లో పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టిన ‘ర్యాంక్ ఆఫ్ ఎ మ్యాట్రిక్స్’ ఇదే. 4096 × 8, 8 × 4096 మ్యాట్రిక్స్‌లను గుణిస్తే వచ్చేదాని ర్యాంక్ 8కి మించదు. మోడల్‌కు కావాల్సిన మార్పు ఇంత తక్కువ ర్యాంక్‌లో ఇమిడిపోతుందన్నదే లోరా రచయితల ఊహ. 17,500 కోట్ల పారామీటర్లున్న జీపీటీ-3 మీద శిక్షణ ఇవ్వాల్సిన పారామీటర్లను పది వేల రెట్లు తగ్గించవచ్చని, జీపీయూ మెమొరీ అవసరం మూడో వంతుకు దిగుతుందని వాళ్లు చూపారు.

2023లో వచ్చిన క్యూలోరా ఇంకో మెట్టు. కదపకుండా ఉంచిన పెద్ద మ్యాట్రిక్స్‌ను 4 బిట్‌ల సంఖ్యలుగా కుదించి దాస్తుంది. లోరా అర్థమైనవాళ్లకు క్యూలోరా కోసం ఇంకో కోర్సు అక్కర్లేదు. ఒక సాయంత్రం చాలు. ఇదీ వేర్లు బలంగా ఉంటే కలిగే లాభం.

మరి లోరా అన్నిటికీ మందేనా? కాదు. కోడింగ్, గణితం లాంటి పనుల్లో మొత్తం పారామీటర్లను సవరించే పద్ధతి కన్నా లోరా తక్కువ నేర్చుకుంటుందని, అదే సమయంలో పాత విషయాలను తక్కువ మర్చిపోతుందని 2024లో వచ్చిన ఓ అధ్యయనం చూపింది. ఒక పద్ధతి బలంతో పాటు హద్దు కూడా చెప్పగలిగినవాళ్లకే అది వచ్చినట్టు. ఇంటర్వ్యూల్లో అభ్యర్థులు ఎక్కువగా తడబడేదీ ఈ హద్దు దగ్గరే.

చేస్తేనే చేతికొచ్చేది

ఈత పుస్తకం చదివితే రాదు. చదివిన పద్ధతిని చిన్న స్థాయిలోనైనా నడిపి చూడాలి. గూగుల్ కొలాబ్, కాగుల్ వేదికల్లో పరిమితంగానైనా ఉచితంగా జీపీయూ దొరుకుతుంది. ఖరీదైన ల్యాప్‌టాప్ లేదని ఆగిపోనక్కర్లేదు. ఈ క్రమంలో చేయండి.

* ముందు అతి సాదా పద్ధతితో ఒక ఫలితం తెచ్చుకోండి. ఇదే బేస్‌లైన్. ఇది లేకుండా ‘నా మోడల్ 92 శాతం’ అంటే అర్థం లేదు.
* తర్వాత కొత్త పద్ధతిని చేర్చండి. ఒకసారికి ఒకే మార్పు.
* కనీసం మూడు వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో నడపండి. ఫలితాలు ఎంత అటూఇటూ అవుతున్నాయో రాసుకోండి.
* ఎక్కడ తప్పింది? ఓ 50 తప్పు జవాబులను కళ్లతో చూడండి. ఏ కోర్సూ నేర్పని పాఠం ఇక్కడ దొరుకుతుంది.
* ఏం చేశారు, ఏం వచ్చింది, ఏం రాలేదు.. రెండు పేజీల్లో రాసి కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టండి.

కొత్త పద్ధతి పనిచేయలేదా? అదీ రాయండి. ‘నేను చేసిన డేటా మీద దీనివల్ల లాభం కనిపించలేదు, కారణం ఇది కావచ్చు’ అని ఆధారాలతో చెప్పే అభ్యర్థి, ఎక్కడినుంచో దించుకున్న 98 శాతం ప్రాజెక్టు చూపేవాళ్ల కన్నా ఎక్కువగా గుర్తుండిపోతారు.

మన భాషే మన ప్రయోగశాల

ప్రాజెక్టు అనగానే ఇరిస్ పూలు, టైటానిక్ ప్రయాణికుల డేటానే ఎందుకు? తెలుగు వచ్చిన విద్యార్థికి అందరికీ లేని అవకాశం ఒకటుంది.

‘తెలుగు’ అనే మాటను కంప్యూటర్ ఎలా దాస్తుందో చూడండి. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము.. మొత్తం ఆరు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. అంటే 18 బైట్లు. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 6 బైట్లే. భాషా మోడళ్లు వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టుకుని చదువుతాయి. ఎక్కువగా ఇంగ్లిష్ మీద తయారైన టోకెనైజర్ తెలుగు మాటను చాలా ముక్కలు చేస్తుంది. ముక్కలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఒకేసారి ఇవ్వగలిగే సమాచారం తగ్గుతుంది.

ఇదే ఒక ప్రాజెక్టు. ఓ వంద తెలుగు వార్తలు, వాటి ఇంగ్లిష్ అనువాదాలు తీసుకుని, ఉచితంగా దొరికే నాలుగైదు మోడళ్ల టోకెనైజర్లతో విడగొట్టండి. ఒక్కో పదానికి సగటున ఎన్ని ముక్కలవుతున్నాయో పట్టిక వేయండి. ‘వెళ్లిపోతున్నారంటే’ లాంటి అతుకుల పదాల దగ్గర ఏమవుతోందో గమనించండి. దీనికి జీపీయూ కూడా అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఈ పనిచేసినవాళ్లు టోకెనైజేషన్ గురించి ఏ ప్రశ్న వచ్చినా సొంత అంకెలతో జవాబివ్వగలరు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ లాంటి చోట్ల భారతీయ భాషల మీద జరుగుతున్న పనిని గమనిస్తే మరిన్ని ఆలోచనలు వస్తాయి. 2023లో ఏఐ4భారత్ విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 అనువాద మోడల్ 22 షెడ్యూల్డ్ భాషలకు పనిచేస్తుంది. ఎవరైనా దించుకుని పరీక్షించవచ్చు.

వారానికి ఆరు గంటలు

కాలేజీ, ల్యాబ్‌లు, కోడింగ్ ప్రాక్టీస్, ఆప్టిట్యూడ్.. వీటన్నిటి మధ్య సమయం ఎక్కడిది? వారానికి ఆరు గంటలు కేటాయించగలిగితే చాలు. ఇలా పంచుకోవచ్చు.

* అరగంట: కొత్తవాటి మీద చూపు. వారానికి ఒక్కసారే. హగ్గింగ్‌ఫేస్ రోజువారీ పేపర్ల పేజీ, నమ్మకమైన ఒకట్రెండు న్యూస్‌లెటర్లు. మూడు కుప్పలు పోసి మూసేయండి.
* గంటన్నర: ఎంచుకున్న ఒక పేపర్ మొదటి, రెండో విడత.
* రెండు గంటలు: వేర్లు. ఈ వారం ర్యాంక్ అయితే, వచ్చే వారం బేస్ సూత్రం, ఆపై వారం క్రాస్ ఎంట్రపీ. కాగితం మీద లెక్కలు చేయాలి.
* రెండు గంటలు: కోడ్. నెల మొత్తం ఒకే ప్రయోగం మీద.

ముగ్గురు నలుగురు స్నేహితులు కలిస్తే ఇంకా మేలు. వారానికి ఒకరు చొప్పున ఒక పేపర్‌ను బోర్డు మీద తెలుగులో వివరించాలని పెట్టుకోండి. ఇంగ్లిష్ పదాల చాటున దాక్కునే వీలు లేనప్పుడే మనకెంత అర్థమైందో బయటపడుతుంది.

డబ్బు ఖర్చుపెట్టేముందు..

‘మూడు నెలల్లో ఏఐ నిపుణులు’ అనే ప్రకటన చూసి అప్పుచేసి మరీ వేలు, లక్షలు కట్టేముందు ఒక్కసారి ఆగండి. ఉచితంగా దొరికేవి చూశారా?

* ఎన్‌పీటెల్: మెషిన్ లెర్నింగ్, డీప్ లెర్నింగ్‌పై ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్లు బాలరామన్ రవీంద్రన్, మితేశ్ ఖప్రాల పాఠాలు ఉన్నాయి. వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలంటేనే ఫీజు.
* స్టాన్‌ఫర్డ్: కంప్యూటర్ విజన్‌పై సీఎస్231ఎన్, భాషా సాంకేతికతపై సీఎస్224ఎన్ పాఠ్యాంశాలు.
* ఫాస్ట్ ఏఐ: ముందు చేయించి తర్వాత వివరించే పద్ధతి. కోడింగ్ వచ్చినవాళ్లకు బాగా నప్పుతుంది.
* ఆండ్రే కర్పాతీ వీడియోలు: బ్యాక్‌ప్రాపగేషన్ నుంచి చిన్న జీపీటీ దాకా ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి రాసి చూపిస్తారు.
* త్రీబ్లూ వన్‌బ్రౌన్: లీనియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్ బొమ్మల్లో అర్థమవుతాయి.

ఇందులో రెండు ఎంచుకుని చివరిదాకా పూర్తిచేయండి. సగంలో వదిలేసిన పది కోర్సుల కన్నా పూర్తిచేసిన ఒక్కటి మేలు. ఫీజు కట్టే కోర్సే కావాలంటే ఎవరు బోధిస్తారు, అసైన్‌మెంట్లను ఎవరు దిద్దుతారు, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే మాటకు షరతులు ఏమిటో చదవకుండా సంతకం చేయొద్దు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

ఫ్రెషర్‌ను ‘గత నెలలో వచ్చిన మోడళ్ల పేర్లు చెప్పండి’ అని అడిగి ఎంపిక చేసేవాళ్లు అరుదు. రెజ్యూమెలో రాసుకున్నదాన్నే పట్టుకుని లోపలికి వెళ్తారు. ఇలాంటి ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి.

ట్రైనింగ్ లాస్ తగ్గుతోంది, వ్యాలిడేషన్ లాస్ పెరుగుతోంది. ఏం జరుగుతోంది? ఏం చేస్తారు?

వెయ్యి లావాదేవీల్లో మోసాలు పది. ‘ఏదీ మోసం కాదు’ అని చెప్పే మోడల్‌కు కూడా 99 శాతం కచ్చితత్వం వస్తుంది. మరి మీ మోడల్ బాగుందని ఎలా చెబుతారు?

ఈ పనికి భాషా మోడల్ ఎందుకు? లాజిస్టిక్ రిగ్రెషన్ సరిపోదా?

ఇవన్నీ పాత పాఠాల్లోవే. కొత్త పద్ధతి గురించి అడిగితే, మీకు తెలియనిదైతే తెలిసినట్టు నటించకండి. ‘దీని వివరాలు చదవలేదు. పేరును బట్టి ఫలానా సమస్యకు సంబంధించినది అనుకుంటున్నాను. నేర్చుకోవాలంటే ముందు ఫలానా పద్ధతితో పోల్చి చూస్తాను’ అనండి. తెలియని విషయాన్ని మీరు ఎలా ఎదుర్కొంటారో ఆ జవాబులో కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరాక రోజూ చేయాల్సిన పని అదే.

రెజ్యూమెలో పదిహేను పద్ధతుల పేర్లు గుచ్చడం కన్నా, రెండు ప్రయోగాలను సమస్య, బేస్‌లైన్, ఫలితం, హద్దు అనే నాలుగు వాక్యాల్లో రాయడం మంచిది. పేరు రాశారంటే దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలగాలి. లేదంటే ఆ పేరు తీసేయండి.

ఈ వ్యాసం అచ్చయ్యేలోపే ఇంకేదో కొత్త పేరు వచ్చే ఉంటుంది. రానివ్వండి. ఈ ఆదివారం దాన్ని ఐదు ప్రశ్నల జల్లెడలో వేయండి. నిలవకపోతే వదిలేసి, ఎం1 పుస్తకం దుమ్ము దులిపి ర్యాంక్ పాఠం తీయండి. ఈసారి మార్కుల కోసం కాదు కాబట్టి, తప్పకుండా అర్థమవుతుంది.